బానెట్ ఎత్తే ముందు: మేస్త్రీ జవాబులు

సొంత కారు రిపేర్లు సొంతంగా చేసుకోవడం గురించి ఉత్తరాలు బాగా పేరుకుపోయాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. పొడుగ్గా ఉన్న ఉత్తరాలను కుదించాను, తిట్లున్న చోట తిట్లు తీసేశాను. ఆ తిట్లన్నీ మెకానిక్‌ల మీదే కాబట్టి, నా కడుపుమంట కూడా కొంత కారణం అనుకోండి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, డ్రైవింగ్ వచ్చి చాలా ఏళ్లయింది. బానెట్ కింద ఏముందో మాత్రం తెలీదు. చిన్న చిన్న పనులైనా నేనే చేసుకోవాలని ఉంది. వీడియోలు చూస్తే అన్నీ పది నిమిషాల పనిలాగే కనిపిస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ సామాను కొనాలి? వయసు నలభై దాటింది, ఇప్పుడు నేర్చుకోగలనా?
— ఒక బ్యాంకు ఉద్యోగిని

జవాబు: అమ్మా, నట్టుకి మన వయసుతో పనిలేదు. భేషుగ్గా నేర్చుకోవచ్చు. కాకపోతే మొదటి కొన్ని వారాలు పానా ముట్టుకోకండి. కారుతోపాటు ఇచ్చిన పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా చింపకుండా పడుంటుంది, ముందు దాన్ని బయటికి తీయండి. ఆ పుస్తకం, చల్లారిన ఇంజను, ఒక టార్చిలైటు, పాత గుడ్డ, మొదటి పాఠానికి ఇవి చాలు.

బండిని చదునైన చోట పెట్టి, ఇంజను ఆపి, ఓ పది నిమిషాలాగి డిప్‌స్టిక్, అంటే ఇంజను ఆయిల్ మట్టం చూసే కడ్డీ, లాగండి. తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి దించి, రెండోసారి లాగి చూడండి. మొదటిసారి కనిపించిన మట్టాన్ని నమ్మకూడదు. గొట్టం గోడలకు అంటిన ఆయిల్ కూడా దానికి పూసుకుని వస్తుంది. రెండు గుర్తుల మధ్య ఉంటే ఇక ముట్టుకోవద్దు. చాలా కార్లలో ఆ రెండు గుర్తులకీ తేడా సుమారు ఒక లీటరు ఉంటుంది. కింది గుర్తు దగ్గర ఉంది కదా అని డబ్బా మొత్తం ఒంపేశారనుకోండి, మట్టం పై గుర్తు దాటిపోవచ్చు. అప్పుడు ఇంజను అడుగున తిరిగే ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగ బేరింగులను కాపాడదు. కొంచెం కొంచెం పోస్తూ చూసుకోవాలి.

తర్వాత బ్రేక్ ఆయిల్ డబ్బా. చాలామంది మట్టం తగ్గింది కదా అని నింపేసి మూత పెట్టేస్తారు. అది ఎందుకు తగ్గిందో అడగాలి. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది, పైన డబ్బాలో మట్టం మెల్లగా దిగుతుంది. అంటే ఆ డబ్బా మీకు ప్యాడ్ల సంగతి చెబుతోందన్న మాట. ఉన్నట్టుండి తగ్గితే మాత్రం ఎక్కడో కారుతోంది, బండి కదపకండి.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక కొలవండి. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చుపోసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం. మన కారుకి కొట్టాల్సింది అది కాదు. షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా ఈ రెండిటినీ కలిపేస్తుంటారు.

ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీ, కిలోమీటర్లతో సహా రాసుకోండి. ఒకసారి చూసిన మట్టం ఏమీ చెప్పదు. పోయిన నెలకీ ఈ నెలకీ తేడా అన్నీ చెబుతుంది.

ఇక చేత్తో చేసే మొదటి పనులు. క్యాబిన్ ఫిల్టరు, ఇంజను ఎయిర్ ఫిల్టరు, వైపర్ బ్లేడ్లు. క్యాబిన్ ఫిల్టరు చాలా కార్లలో ఎడమ సీటు ముందున్న డ్యాష్‌బోర్డు అర వెనకాలో, దాని పక్కనో ఉంటుంది. దాని మీద గాలి ఎటు పోవాలో బాణం గుర్తుంటుంది, పాతది లాగే ముందు అది ఎటుందో చూసుకోండి. వైపర్ల దగ్గర ఒక జాగ్రత్త. బ్లేడు ఊడదీశాక ఆ ఇనప చెయ్యి స్ప్రింగు బలానికి ఠపీమని వెనక్కి పడుతుంది, అద్దం పగులుతుంది. ముందే అద్దం మీద మడతపెట్టిన మందపాటి తువ్వాలు పరుచుకోండి.

సామాను విషయానికొస్తే, వందల ముక్కలున్న పెద్ద పెట్టె కొనకండి. అందులో సగం ముక్కలు కొన్న రోజు ఎలా ఉన్నాయో పదేళ్లకీ అలాగే ఉంటాయి. 8 నుంచి 19 మిల్లీమీటర్ల వరకు ఒకవైపు రింగు, ఒకవైపు ఓపెన్ ఉన్న స్పానర్లు, రాట్చెట్‌తో ఒక సాకెట్ సెట్టు, రెండు మంచి స్క్రూడ్రైవర్లు, ఒక ప్లయరు, వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటరు, బోల్టు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి, కళ్లద్దాలు, చేతితొడుగులు. సాకెట్లలో లోపల ఆరు మూలలున్నవి తీసుకోండి. పన్నెండు మూలలవి తొందరగా దొరుకుతాయి, అంతే తొందరగా బోల్టు మూలలు తినేస్తాయి. 10 మిల్లీమీటర్ల సాకెట్ మాత్రం రెండు కొనండి. అది ఎక్కడికి పోతుందో ఏ మేస్త్రీకీ తెలీదు.

ప్రశ్న: అన్నా, పొద్దున్నే బండి స్టార్ట్ కావడం లేదు. షెడ్డులో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశారు. వారం బాగానే ఉంది, మళ్లీ అదే కథ. ఈసారి సెల్ఫ్ మోటారు మార్చాలంటున్నారు. అది మార్చాక ఇంకేం మార్చమంటారో అని టెన్షన్‌గా ఉంది. నాకేమీ తెలియదనే ఇలా చేస్తున్నారా?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, వాళ్ల ఉద్దేశం నాకు తెలీదు. కొలవకుండా మార్చారని మాత్రం తెలుస్తోంది. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు మొదట అప్పజెప్పేది మల్టీమీటరే. స్పానరు తర్వాత. రిపేరు అంటే విప్పడం అనుకుంటారు చాలామంది. ఎక్కడ పోయిందో కనిపెట్టడమే అసలు పని, విప్పడం ఎవరైనా చేస్తారు.

ముందు చెవి పెట్టు. తాళం తిప్పితే టకటకటక అని వరసగా చప్పుడొస్తుంటే కరెంటు చాలడం లేదు. బ్యాటరీ అయినా దిగిపోయి ఉండాలి, లేదా మధ్యలో ఎక్కడో కనెక్షన్ లూజు. ఒక్కసారి 'టక్' అని ఆగిపోయి, హెడ్‌లైట్లు మాత్రం వెలుగు తగ్గకుండా ఉంటే సెల్ఫ్ మోటారునో దానికి కరెంటు కలిపే స్విచ్చి లాంటి సోలెనాయిడ్‌నో అనుమానించాలి. ఇంజను గిర్రున తిరుగుతున్నా అందుకోకపోతే సెల్ఫ్ పనిచేస్తున్నట్టే. అప్పుడు గొడవ ఇంధనం దగ్గరో, స్పార్క్ దగ్గరో ఉంటుంది. ఇంతవరకు ఖర్చు లేదు, చేతికి మసి లేదు.

ఇప్పుడు మీటరు. డీసీ వోల్టుల మీద పెట్టి, బండి రాత్రంతా ఆగాక పొద్దున్నే బ్యాటరీ రెండు కొనల మీద పెట్టు. 12.6 చుట్టూ ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సుమారు సగం. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. తర్వాత బండి ఎలాగో స్టార్ట్ చేసి, ఇంజను నడుస్తుండగా మళ్లీ చూడు. మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఈమధ్య కార్లలో కంప్యూటరు అవసరాన్ని బట్టి దాన్ని కొంత పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, ఆ మేరకు అటూ ఇటూ అయితే కంగారు పడొద్దు. ఇంజను నడుస్తున్నా 12 పైనే ఆగిపోయి అక్కడి నుంచి మెల్లగా దిగుతోందంటే ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బ్యాటరీని ఛార్జి చేయడం లేదు. ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా వారం, పది రోజులే.

ఈ రెండూ బాగున్నాయా? అయితే నాకు బాగా ఇష్టమైన పరీక్ష చెప్తాను. మీటరు ఎర్ర మొన బ్యాటరీ ప్లస్ సీసపు మొట్ట (టెర్మినల్) మీద పెట్టు. నల్ల మొన దాన్ని పట్టుకుని ఉన్న క్లాంపు మీద పెట్టు. రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నవే, మధ్య వెంట్రుకవాసి దూరం కూడా లేదు. ఇప్పుడు ఎవరినైనా తాళం తిప్పమను. మీటరు సున్నా దగ్గరే ఉంటే ఆ రెండూ కలిసే చోటు మంచిది. అర వోల్టో, ఒక వోల్టో చూపిస్తే ఆ కాస్త చోట కరెంటు అడ్డుపడుతోందన్న మాట. విప్పి చూస్తే మొట్ట చుట్టూ తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తుంది, లేదా నల్లటి పొర. మైనస్ వైపూ ఇలాగే చూడు. ఎర్తు వైరు బాడీకి బిగించిన చోట కూడా చూడు, అక్కడ తుప్పు పట్టిన బోల్టు కింద సగం బండ్ల రోగాలు దాక్కుంటాయి. వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వైరు బ్రష్షుతో రుద్ది, ఆరాక బిగిస్తే పని అయిపోతుంది. కడిగేటప్పుడు కళ్లద్దాలు, చేతితొడుగులు ఉండాలి, బ్యాటరీలో ఉండేది ఆమ్లం.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. కారు బాడీ మొత్తం మైనస్‌కి కలిసి ఉంటుంది. ప్లస్ నట్టు విప్పుతూ స్పానరు కొన బాడీకి తగిలిందంటే మధ్యలో వందల ఆంపియర్ల కరెంటు పోతుంది, స్పానరు అక్కడే అతుక్కుని ఎర్రగా కాలుతుంది. మైనస్ ముందే తీసేస్తే స్పానరు ఎక్కడ తగిలినా ఏమీ కాదు. ఆ చేతికి ఉంగరం, గడియారం కూడా వద్దు.

ఇంతా చేసి అన్నీ బాగున్నాయి, అయినా రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోందంటే, బండి నిద్రపోయాక ఏదో కరెంటు తాగుతోంది. మీటరు లీడును పది ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, మీటరును ఆంపియర్ల మీద పెట్టి, విప్పిన మైనస్ వైరుకీ బ్యాటరీకీ మధ్యలో కలుపు. తలుపులు మూసి, తాళం దూరంగా పెట్టి, అరగంటకు పైగా ఆగు. బండిలోని కంప్యూటర్లు ఒక్కోటీ పడుకోవడానికి టైం పడుతుంది. ఆ తర్వాత 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండటం మామూలు. చాలా ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ చూడు. ఏది పీకితే అంకె పడిపోయిందో ఆ దారిలోనే దొంగ. డిక్కీలో ఆరిపోని బల్బు, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్, కెమెరా, నాకు ఎక్కువగా దొరికినవి ఇవే. మీటరు అలా కలిపి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఈ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని షెడ్డుకి వెళ్లు. సెల్ఫ్ మార్చాలని ఎవరైనా అంటే, 'బ్యాటరీ క్లాంపు దగ్గర వోల్టేజి ఎంత పడుతోందో చూశారా' అని మర్యాదగా అడుగు. తర్వాతి సంభాషణ వేరేగా ఉంటుంది.

ప్రశ్న: కారుతోపాటు వచ్చిన జాకీ మీద లేపి కింద దూరి పని చేయొచ్చా? జాకీ గట్టిగానే ఉంది.
— పేరు రాయలేదు

జవాబు: వద్దు. ఆ జాకీ స్టెప్నీ మార్చడానికి. జాకీ పని లేపడం, మోయడం స్టాండ్ల పని. బండిని గట్టి నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీదే ఉండే చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టి, పుస్తకంలో చూపించిన చోటే జాకీ ఆనించి లేపి, స్టాండ్ల మీదికి దించాలి. దించాక భుజంతో బండిని గట్టిగా నెట్టి చూడాలి. పడేదైతే మీరు బయట ఉన్నప్పుడే పడాలి. విప్పిన చక్రాన్ని కూడా అంచు కిందికి అడ్డంగా తోసి ఉంచండి. ఇటుకల మీద, సిమెంటు దిమ్మల మీద బండిని నిలబెట్టడం నేను ఒప్పుకోను. అవి చెప్పకుండా పగులుతాయి.

చక్రం విప్పే పని ఉంటే నట్లు నేల మీద ఉండగానే అరచుట్టు లూజు చేసి, తర్వాత లేపండి.

ప్రశ్న: అన్నయ్యా, వీడియో చూసి నేనే ఇంజను ఆయిల్, ఫిల్టరు మార్చాను. చాలా సంబరంగా స్టార్ట్ చేశాను. అర నిమిషంలో బండి కింద ఆయిల్ చెరువు. ఫిల్టరు ఇంకా గట్టిగా బిగించాను, అయినా ఆగలేదు. కొత్త ఫిల్టరు పాడైందా?
— ఒక నర్సు

జవాబు: చెల్లెమ్మా, వెంటనే ఇంజను ఆపేసి ఉంటావు, అదే మంచి పని. ఫిల్టరు తప్పు కాకపోవచ్చు. విప్పి, ఇంజను వైపు ఫిల్టరు ఆనే చోట వేలితో తడిమి చూడు. పాత ఫిల్టరు తాలూకు రబ్బరు రింగు అక్కడే అతుక్కుని ఉండిపోయిందని నా అనుమానం. పాతది ఊడివచ్చేటప్పుడు రింగు దాంతో రాకుండా ఇంజనుకే అంటిపోతుంది. దాని మీద కొత్త రింగు కూర్చుంటే రెండు రింగులవుతాయి, ఒత్తిడి రాగానే జారిపోతాయి. ఎంత బిగించినా ఆగదు. అందుకే పాత ఫిల్టరు చేతిలోకి రాగానే దానికి రింగు ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి.

కొత్త రింగుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పి, రింగు ఆనిన దగ్గర్నుంచి సుమారు ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. ఎంత బిగించాలో చాలాసార్లు ఫిల్టరు మీదే రాసి ఉంటుంది. రెంచి పెట్టి బిగించినవాళ్లు వచ్చేసారి విప్పేటప్పుడు తమను తామే తిట్టుకుంటారు. కింద డ్రైన్ బోల్టుకి ఉండే వాషర్ కూడా కొత్తది వేయి, అది ఒకసారి నలిగితేనే సీలవుతుంది. ఆయిల్ పోశాక స్టార్ట్ చేస్తే ఎర్ర ఆయిల్ దీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఆపెయ్. ఆరితే ఒక నిమిషం నడిపి, ఆపి, కింద చూసి, కాసేపాగి డిప్‌స్టిక్ మళ్లీ చూడు.

ఏ ఆయిల్ అన్నది స్నేహితుల్ని అడగొద్దు, పుస్తకాన్ని అడుగు. 5డబ్ల్యూ-30 అని ఉంటే డబ్ల్యూ ముందున్న అంకె చలిలో అది ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, వెనకున్నది ఇంజను వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. చిక్కగా ఉంటే మంచిదని పెద్ద అంకె పోయడం మేలు కాదు. ఇంజనులోని సందులు ఆ ఆయిల్‌కి తగ్గట్టే చేసి ఉంటాయి.

పాత ఆయిల్ కాలవలో పోయకు, మట్టిలో పోయకు. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇచ్చెయ్.

ఇదే దారిలో ఒక మాట. రేపు గేర్‌బాక్సు ఆయిల్ మార్చాలనిపిస్తే, కింద తీసే బోల్టు ముట్టుకోకముందు పైన పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకో. ఉన్న ఆయిల్ అంతా కింద పారబోసి, పైబోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయిందంటే బండి అక్కడి నుంచి కదలదు.

ప్రశ్న: మా వారు ఆదివారం పూట కారు విప్పుతున్నారు. ప్రతిసారీ అన్నీ బిగించేశాక కొన్ని బోల్టులు మిగులుతున్నాయి. 'కంపెనీవాళ్లు ఎక్కువ పెడతారు' అంటున్నారు. ఆ కారులో పిల్లల్ని పంపాలంటే భయంగా ఉంది. నిజంగా ఎక్కువ పెడతారా?
— ఒక తల్లి

జవాబు: పెట్టరమ్మా. ఒక్క బోల్టు తగ్గించగలిగితే లక్షల కార్ల మీద ఎంత మిగులుతుందో వాళ్లకి బాగా తెలుసు. మిగిలిన ప్రతి బోల్టుకీ కారులో ఒక ఖాళీ బెజ్జం ఎదురుచూస్తోంది. అది చక్రం, స్టీరింగు, బ్రేకుల వైపుదైతే ఆ సంగతి తేలేదాకా పిల్లల్ని ఎక్కించకండి.

మీ వారికి ఇది చదివి వినిపించండి. విప్పే ముందు ఫోనుతో దగ్గర్నుంచి ఒక ఫోటో, దూరం నుంచి ఒకటి. అట్టముక్క మీద విప్పుతున్న భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో ఆ చోట అట్టకి గుచ్చడం. పొడుగు తేడా ఉన్న బోల్టులు ఒకే మూతకి ఉంటాయి, నీళ్ల పంపు దగ్గర ఇది మామూలే. పొడుగు బోల్టు పొట్టి బెజ్జంలో పెట్టి బిగిస్తే అడుగున ఆనేసి అల్యూమినియం పగిలిపోతుంది. మర బిగించేటప్పుడు మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో తిరగలేదంటే మర వంకరగా ఎక్కింది, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. స్పార్క్ ప్లగ్గులకైతే ఇది వేదవాక్కు.

ఆదివారం పూట విప్పుతున్నందుకు మాత్రం తిట్టకండి. ఆ అట్టముక్క పద్ధతి వస్తే ఆయన బాగుపడతారు.

ప్రశ్న: ఒక బోల్టు మూలలన్నీ అరిగి గుండ్రంగా అయిపోయింది. ఏం చేయాలి?
— ఒక ఆటో డ్రైవరు

జవాబు: ఇప్పటికే గుండ్రంగా అయితే, అరిగిన బోల్టులు పట్టుకునే సాకెట్లు దొరుకుతాయి, సుత్తితో దిగ్గొట్టి తిప్పాలి. వైస్‌గ్రిప్ ప్లయరు కూడా కొన్నిసార్లు పనిచేస్తుంది. మీరు అడగనిది కూడా చెప్తాను, ఎందుకంటే పక్క బోల్టు కూడా మీకోసం కాచుకుని ఉంటుంది. తుప్పుని కరిగించి లోపలికి దిగే స్ప్రే ముందు రోజు రాత్రే కొట్టి వదిలేయండి. పొద్దున ఓపెన్ స్పానరు కాకుండా రింగు గానీ, ఆరు మూలల సాకెట్ గానీ పూర్తిగా దిగేలా పెట్టి, ముందు ఒక పిసరు బిగించే వైపు తిప్పండి. తుప్పు చిటుక్కుమంటుంది. అప్పుడు విప్పే వైపు. కదిలాక ఒక్క ఊపున విప్పేయకుండా అరచుట్టు అటు, పావుచుట్టు ఇటు. స్పానరుని మీ వైపుకి లాగండి, అవతలికి తొయ్యకండి. తోస్తే, అది ఊడిన రోజున వేళ్ల కణుపులు ఎక్కడ తగులుతాయో మీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: చెక్ ఇంజన్ లైటు వెలిగింది. ఫోనుకి కలిపే చిన్న స్కానరు కొని చూస్తే పీ0420 అని చూపిస్తోంది. అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని రాసి ఉంది. అది మార్చడం ఖరీదైన పని. మార్చాల్సిందేనా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు

జవాబు: సార్, మీ వృత్తిలో ఎర్రర్ మెసేజి చూసి నేరుగా ఆ లైను మార్చేస్తారా? ఇక్కడా అంతే. కన్వర్టర్ అంటే పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే భాగం. ఆ కోడు చెప్పేది ఒక్కటే. కన్వర్టర్ సామర్థ్యం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉన్నట్టు కంప్యూటరుకి అనిపించింది. ఎందుకలా అనిపించిందో కనిపెట్టాల్సింది మనమే.

ఈ కోడ్ల పద్ధతి, డ్యాష్‌బోర్డు కింద ఆ సాకెట్ అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి చేశారు. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001లో వచ్చింది. అప్పట్నుంచీ కోడు చదవగానే ఆ పేరున్న భాగం మార్చేయడం కూడా ఒక పద్ధతిగా తయారైంది.

కన్వర్టర్‌కి ముందు ఒక ఆక్సిజన్ సెన్సరు, వెనక ఒకటి ఉంటాయి. మీ స్కానరులో లైవ్ డేటా చూపించే చోట వెనక సెన్సరు గీత చూడండి. ఇంజను బాగా వేడెక్కాక అది చాలావరకు నిలకడగా ఉండాలి. కిందికీ పైకీ గబగబా ఊగుతుంటే కన్వర్టర్ మీద అనుమానం బలపడుతుంది. నిలకడగానే ఉంటే తొందరపడొద్దు. కన్వర్టర్ చుట్టుపక్కల పొగగొట్టం కీళ్ల దగ్గర ఎక్కడైనా లీకవుతోందా, చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే చిన్న 'టిక్ టిక్' చప్పుడొస్తోందా, ఇంజను మిస్ కొడుతోందా (అంటే ఏదైనా సిలిండరులో ఇంధనం సరిగా అంటుకోవడం లేదా), ఆయిల్ తాగుతోందా చూడండి. ఆయిల్ తాగే ఇంజనుకి కొత్త కన్వర్టర్ వేసినా అదీ కొన్నాళ్లకి అలాగే అవుతుంది. కోడు చెరిపేసే ముందు, కోడు పడిన క్షణంలో స్పీడు, వేడి ఎంత ఉన్నాయో స్కానరు దాచిన వివరాలు రాసుకోండి. చెరిపితే అవీ పోతాయి.

చెక్ ఇంజన్ దీపం నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే మెల్లగా నడుపుకుంటూ చూపించుకోవచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం ఇంజను గట్టిగా మిస్ కొడుతోంది, కాలని పెట్రోలు పోయి కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. పక్కకి ఆపండి. అప్పుడు నిజంగానే దాన్ని మార్చాల్సి వస్తుంది.

ప్రశ్న: బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకోవచ్చా? కొందరు చాలా తేలికంటారు, కొందరు ప్రాణాలతో చెలగాటం అంటారు.
— ఒక టీచరు

జవాబు: ఇద్దరూ చెప్పింది నిజమే. చేయడం తేలిక, తప్పు చేస్తే రెండో అవకాశం ఉండకపోవచ్చు. నేనైతే, మొదటిసారి తెలిసినవాళ్లు పక్కన నిలబడి చూస్తుండగా చేయమంటాను. రెండోసారి మీరే చేసి, బండి కదిపే ముందు వాళ్లకి చూపించండి.

రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు. ఒకటి పూర్తిచేసేదాకా రెండోది ముట్టుకోకపోతే, అనుమానం వచ్చినప్పుడు అటెళ్లి చూసుకోవచ్చు. ప్యాడ్లను అదిమే భాగాన్ని క్యాలిపర్ అంటారు, ఊడదీసిన దాన్ని బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకి కట్టండి. పిస్టన్ లోపలికి నొక్కేటప్పుడు పైన డబ్బాలో ఆయిల్ మట్టం పైకొస్తుంది. చూసుకోకపోతే పొంగి పెయింటు మీద పడుతుంది, మామూలు డాట్ 3, డాట్ 4 ఆయిల్ పెయింటుని లేపేస్తుంది. పడితే వెంటనే నీళ్లతో కడిగేయాలి. ప్యాడ్ల దుమ్ముని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి. వెనక చక్రాల్లో కొన్నిటికి పిస్టన్ నొక్కితే పోదు, తిప్పుతూ నొక్కాలి. బటన్ నొక్కితే పడే పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో ముందు దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టాలి.

అన్నీ బిగించాక, ఇంజను స్టార్ట్ చేయకముందే బ్రేకు పెడలు గట్టిపడేదాకా తొక్కుతూ ఉండండి. పిస్టన్ వెనక్కి నొక్కేశారు కదా, మొదటిసారి తొక్కితే పెడలు నేలకి తగులుతుంది. గోడ ముందు పెట్టిన బండి రివర్సు తీసి, అప్పుడు బ్రేకు తొక్కి చూద్దాం అనుకునేవాళ్లకి ఆ సంగతి గోడో, వెనకున్న బండో చెబుతుంది.

అసలు ముట్టుకోకూడనివి కూడా అడుగుతున్నారు కొందరు. ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు లోపలి మెకానిజం, నొక్కి బిగించిన సస్పెన్షన్ స్ప్రింగులు, ఏసీ గ్యాసు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు వైర్లు. డీజిల్ కార్లలో ఇంజెక్టర్లకు పోయే సన్నటి ఉక్కు గొట్టాలు కూడా. ఇంజను నడుస్తుండగా వాటిలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, సన్నటి లీకు చర్మంలోంచి దూసుకుపోతుంది. ఇవి నేను నేర్పను, మీరు వీడియోలో నేర్చుకోకండి.

ప్రశ్న: కూలెంట్ ఆకుపచ్చది ఉంది, ఎర్రది కలపొచ్చా? తగ్గితే మామూలు నీళ్లు పోయొచ్చా?
— ఒక రైతు

జవాబు: రంగు చూసి ఏమీ తేల్చలేమండీ. అది తయారుచేసేవాళ్లు కలిపే రంగు మాత్రమే, ఒక కంపెనీ ఎర్రది ఇంకో కంపెనీ ఎర్రదానిలా ఉండకపోవచ్చు. పుస్తకంలో రాసిన రకం చూసి అదే పోయండి. దారిలో మరీ అవసరమైతే నీళ్లు పోసి ఇల్లు చేరండి, తర్వాత మొత్తం మార్చేయండి. కుళాయి నీళ్లలో ఉప్పు, సున్నం లోపల పేరుకుంటాయి కాబట్టి చిక్కటి కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటరే వాడాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయొద్దు. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీసిన మరుక్షణం మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కింద ఒలికితే కుక్కలు, పిల్లులు నాకకముందే కడిగేయండి.

ప్రశ్న: హారన్ ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. 15 ఆంపియర్లది తీసి 30 వేస్తే ఆగుతుందా?
— పేరు రాయలేదు

జవాబు: ఫ్యూజు పోవడం ఆగుతుంది. దాని బదులు వైరు కాలుతుంది. నీలం (15 ఆంపియర్లది) తీసిన చోట నీలమే పెట్టండి, ఆకుపచ్చది (30ది) పెట్టకండి. హారన్ దగ్గర ప్లగ్గు ఊడదీసి కొత్త ఫ్యూజు వేసి, బటన్ నొక్కి చూడండి. ఫ్యూజు నిలబడితే హారనే పోయింది, మార్చేయండి. అప్పటికీ పోతే హారన్‌కి వెళ్లే వైరు ఎక్కడో బాడీకి రాసుకుని తొడుగు చిరిగింది. ముందు బంపరు వెనక, రేడియేటరు పక్కన వైరు వంపు తిరిగే చోట్ల వెతకండి.